మొదటి మూట

మా అన్న ఓబులేసు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. మొదటిదాని కంటే రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే చావింట్లో కూడా నలుగురిని నవ్వించి పెద్దల చేత తిట్లు తిన్నవాణ్ణి నేను. ఫోన్ వచ్చేటప్పటికి రాయదుర్గంలో నా కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో జీన్స్ ప్యాంటుకు జిప్పు మారుస్తున్నాను. విన్నాను, సరే అన్నాను, ఫోన్ పక్కన పెట్టి ఆ జిప్పు పూర్తిగా కుట్టాను. పైకీ కిందికీ లాగి చూసి, ప్యాంటు మడిచి, కవర్లో పెట్టి, పక్క అంగడాయనకు అప్పజెప్పి అప్పుడు షట్టర్ దించాను. అనంతపురంలో బస్సు మారి, కదిరిలో ఇంకో బస్సు మారి, నల్లమాడ దగ్గర మా ఊరు చేరేవరకు ఆ జిప్పు మీద కుట్టు తిన్నగా పడిందా లేదా అన్న ఆలోచన తప్ప ఇంకొకటి లేదు. కాలు మడుచుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరి పడుతుందే, అది లోపలెక్కడో పట్టినట్టుంది.

ఇంటి ముందర పరిచిన పట్టాల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మా మేనత్త నన్ను చూసి ఏడుపు ఆపి, ఎగాదిగా చూసింది. "మీ నాయన పోయిన దినం నేలమీద పడి పొర్లినావు గదరా నర్సిమ్మా. అన్న పోతే ఏమిరా, రాయి మాదిరి నిలబడుకోనుండావు?" అంది. "అప్పుడు నడుము బాగుండె అత్తా. ఇప్పుడు పొర్లితే లేపేదెవరు?" అన్నాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాట అలవాటు కొద్దీ వచ్చిందే గానీ, దాని వెనక నేను లేను. అత్త చేసిన పోలిక మాత్రం చెవిలో ఉండిపోయింది. నాయనకు ఏడ్చావు గనక అన్నకూ ఏడవాలి. నాయన ఒకటే, అన్న ఒకటే, నువ్వూ అదే మనిషివి. మా ఇంట్లో వాదన ఎప్పుడూ ఇలాగే నడిచేది.

అన్నను మన్ను చేసి, పాలు పోసే కార్యం కూడా అయిపోయాక పెద్దకర్మ దినాల కోసం అక్కడే ఉండిపోయాను. దగ్గరి చుట్టాలు తప్ప అందరూ వెళ్ళిపోయారు. ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళితే, రేకుల షెడ్డు నీడలో మా అన్న మనవరాలు లావణ్య ఒక లావుపాటి పుస్తకం ముందర వేసుకుని కూర్చుని ఉంది. మా అన్న కొడుకు రమణ కూతురు. డిగ్రీ అయిపోయింది. నన్ను చూడగానే పుస్తకం మూసేయబోయింది, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు.

"ఏమమ్మా, చావింట్లో కథల పుస్తకమా?" అన్నాను.

"కాదు చిన్నతాతా. లా కాలేజీలో చేరేదానికి పరీక్ష. దినాలకు ముందే వస్తాది. నాయన పోవద్దంటాండాడు."

"పరీక్షలో ఏమడుగుతారు? దొంగను పట్టుకుంటే ఎట్లా విడిపించేదనా?"

"దొంగ దాకా రానీరు తాతా. ముందు వాదన యాడ తెగుతాదో కనుక్కోమంటారు," అంటూ ఒక ప్రశ్న తెలుగులో చెప్పింది. ఒక పట్నంలో అంగళ్ళ వీధిలోకి బండ్లు రాకుండా ఆపేస్తే బేరాలు పెరిగాయట. రెండో పట్నం కూడా అంతే పెద్దది, జనమూ అంతే, అంగళ్ళూ అన్నే. కాబట్టి అక్కడ కూడా బండ్లు ఆపేస్తే బేరాలు పెరుగుతాయి అంటాడు ఒకాయన. ఈ వాదనను దెబ్బతీసే మాట ఏది? కింద నాలుగు జవాబులు. ఆమె అవి చదవకముందే నేను అన్నాను, "రెండో పట్నానికి జనం చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్ల మీద వచ్చేవాళ్ళేమో. ఆయప్ప పోయి చూసినాడా?"

లావణ్య పుస్తకం వెనక జవాబు తిప్పి చూసి, నన్ను చూసింది. "మూడోది. అదే తాతా!"

"నన్ను కూడా చేర్చుకుంటారేమో అడుగు. ఏడో తరగతి పాసు, జిప్పులు వేయడం అదనం."

ఆమె నవ్వింది. నవ్వి, నాకు పాఠం చెప్పింది. ఇలాంటి ప్రశ్నల్లో రెండూ ఒకటే అన్న చోట చూస్తూ కూర్చుంటే మోసపోతామట. అవి నిజంగానే ఒకటిగా ఉంటాయి. అడిగిన సంగతికి పనికొచ్చే తేడా ఒకటి ఎక్కడో దాక్కుని ఉంటుంది, వేలు అక్కడ పెట్టాలట. నేను తల ఊపాను. రేకుల కింద ఒక మూల ఎండిన శెనక్కాయ పొట్టు పోగు వేసి ఉంది. వేడికి దాని వాసన లేస్తోంది. ఆ వాసనలో మా నాయన గొంతు సర్దుకుంటున్నట్టు వినబడింది.

మా చిన్నతనంలో వానలకు ముందు ఇంట్లో ఒకటే పని, విత్తనం కాయ ఒలవడం. మిషన్‌లో వేస్తే గింజ మీది పొర చిట్లి మొలక రాదని విత్తనం మాత్రం చేత్తోనే ఒలిచేవాళ్ళం. రాత్రి అమ్మ కాయల మీద నీళ్ళు చిలకరించి గోనె కప్పేది. తెల్లవారి సంగటి తిన్నాక అందరం నడవలో గుండ్రంగా కూర్చునేవాళ్ళం. తడిసిన పొట్టు వాసన, నాయన బీడీ వాసన, అమ్మ కొంగులోని వక్కాకు వాసన కలిసి ఇల్లంతా ఒక మాదిరి మగ్గిన వాసన వేసేది. బొటనవేలి గోరు చీలిపోతుందని ఆడవాళ్ళు వేలికి గుడ్డపేలిక చుట్టుకునేవాళ్ళు. నేను పది కాయలు ఒలిస్తే మూడు నోట్లోకి పోయేవి. ఆ పొట్టుతోనే నీళ్ళు కాచుకునేవాళ్ళం కాబట్టి ఆ నెలంతా స్నానం చేసినా ఒంటికి అదే కంపు. బడిలో అయ్యవారు మమ్మల్ని మొహాలతో కాకుండా వాసనతో గుర్తుపట్టేవాడని నేను అనేవాణ్ణి. మా అన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నా మాటలకు మొదట నవ్విన మనిషి వాడే. నవ్వేటప్పుడు శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

నాయన ఒలిచేవాడు కాదు. కంబానికి ఆనుకుని కూర్చుని తీర్పులు చెప్పేవాడు. ఊర్లో ఎవరికి ఏ తగవు వచ్చినా మా నడవలోకే వచ్చేవాళ్ళు. నాయన దగ్గర అన్నిటికీ ఒక పోలిక సిద్ధంగా ఉండేది. ఒకాయన వచ్చి, కొత్త కోడలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదని మొర పెట్టుకున్నాడు. నాయన గొంతు సర్దుకుని, "పోయినేడు నువ్వు కొత్త ఎద్దును తెచ్చినావు. నెల దాకా కాడికి మెడ ఇచ్చిందా? ఇయ్యలేదు. ఆ పైన ఇచ్చిందా లేదా? నీ కోడలూ అంతే, పోప్పా," అన్నాడు. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు. నెల తిరిగేసరికి ఎద్దు బాగానే దున్నుతోంది, కోడలు మాత్రం మూట సర్దుకుని పుట్టింటికి పోయింది. "ఎద్దుకు పుట్టిల్లు లేదు గదా నాయనా," అన్నాను నేను. ఒక కాయ వచ్చి నెత్తిన తగిలింది. అన్న భుజాలు కదిలాయి.

ఒక సంవత్సరం, వరసగా కరువు తగిలిన రోజుల్లో, విత్తనానికని రెండు మూటలు మాత్రం దాచగలిగాం. ఒకటి నీళ్ళ బానల పక్కన గోడకు ఆనించి ఉండేది. రెండోది అటక మీద. అటక మీద మూటను ఎలుక కొరికితే అమ్మ నా చిరిగిన ఖాకీ నిక్కరు గుడ్డతో మాసిక వేసింది. నా నిక్కరు నాకంటే ముందు విత్తనమైందని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఒలిచే రోజు వచ్చింది. నాయన కింది మూట మూతి విప్పి, పిడికెడు కాయ తీసి చూశాడు. పురుగు. కాయకాయకూ సూది పెట్టి పొడిచినట్టు బొక్కలు, చెయ్యి నిండా పిండి. ఇంకో మాట లేకుండా మూతి కట్టేశాడు. "రెండూ కదిరిలో శెట్టి అంగట్లో వేసి రాండ్రా. నూనెకు పోతాయి," అన్నాడు.

"రెండోది గూడా విప్పి చూడరాదా?" అంది అమ్మ.

"ఏమి చూసేదే? ఒక చేన్లో పండినవి. ఒక దినం పెరికినవి. ఒక కళ్ళంలో ఆరినవి. దానికి పట్టిన పురుగు దీనికి పట్టకుండా పోతాదా?"

అన్నా నేనూ రెండు మూటలనూ బండికెత్తి కదిరిలో వేసి వచ్చాం.

ఆ నెలలోనే మా అన్న పదో తరగతి ఫలితం వచ్చింది. అన్నిట్లో గట్టెక్కి లెక్కల్లో పోయాడు. నాయన ఆ రోజు బీడీ కూడా వెలిగించకుండా కంబానికి ఆనుకుని కూర్చున్నాడు. తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. వీనికి చదువు రాదు, చేనికి పంపుదాం, మళ్ళీ రాసేదేమీ లేదు. అంతటితో ఆగి ఉంటే నేను ఈ ముక్క వేరేగా చెప్పుకునేవాణ్ణేమో. నాయన నా వైపు తిరిగాడు. "ఒక కడుపున పుట్టినోళ్ళు. ఒక సంగటి తిన్నోళ్ళు. ఒక అయ్యోరి కాడ చదివినోళ్ళు. వానికి రానిది వీనికి మాత్రం యాడనుంచి వస్తాది?" అన్నాడు. బడి తెరిచేనాటికి నేను మేకల వెనక ఉన్నాను. నాకు లెక్కలు బాగా వచ్చు. ఆ సంగతి మేకలకు చెప్పాను.

తర్వాత మంచి వాన పడింది. ఊరందరితో పాటు నాయన కూడా విత్తనం కొనడానికి కదిరికి వెళ్ళి, శెట్టి దగ్గర మూట తెచ్చి నడవలో దించాడు. దాని నడుము మీద నా ఖాకీ నిక్కరు ఉంది. శెట్టి విప్పి చూసి ఉంటాడు, గింజ గట్టిగా ఉంటే విత్తనం కింద పక్కన పెట్టి ఉంటాడు. నాయన ఆ మాసికను అంగట్లోనే చూసి ఉంటాడు, చూసి నోరు మూసుకుని తెచ్చుకుని ఉంటాడు. అమ్మ మూట చుట్టూ ఒకసారి తిరిగింది. "పుట్టింటికి పోయి వచ్చినట్టుండాదే," అంది. నాయన గొంతు సర్దుకుని బీడీ వెతుక్కున్నాడు. అమ్మ ఆ సందు విడవలేదు. "మూట తిరిగొచ్చింది గదా. పిల్లోన్ని గూడా బడికి పంపరాదా?" అంది.

"మూట వేరే, మనిషి వేరే," అన్నాడు నాయన.

జీవితంలో ఆ ఒక్కసారి మా నాయన ఒక పోలికను తెగ్గొట్టాడు. ఇంతకాలం ఈ మాట చెప్పి చాలామందిని నవ్వించాను. ఆ షెడ్డు కింద లావణ్యకు కూడా అదే చెప్పాను. చెప్పి, "మీ నాయనతో నేను మాట్లాడతాలేమ్మా. నువ్వు రెండో మూటవు. విప్పకుండానే నూనెకు తోలుతానంటే ఎట్లా?" అన్నాను.

లావణ్య నవ్వలేదు. పెన్ను మూత పెట్టి తీస్తూ కూర్చుంది. "నేను రెండో మూటను కాదు చిన్నతాతా," అంది చివరికి. "పోయినేడు ఈ పరీక్ష రాసినా. రాలేదు. ఊర్లో ఎవురికీ తెలీదు, నాయన చెప్పనియ్యలేదు. విప్పినారు, చూసినారు. నేను మొదటి మూటను."

నా పోలికను అంత సులువుగా తెంపేసింది. తేడా ఎక్కడుందో అక్కడే వేలు పెట్టింది. ఊరుకుంటుందనుకుంటే ఇంకొకటి అడిగింది.

"మొదటి మూటను అడుగు దాకా చూసినారా తాతా?"

"లేదమ్మా. పైన పిడికెడు."

"ఆ పిడికెడు యాడిది? తేమ గోడ పక్కదా, లోపలిదా?"

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. అడుగున గింజ ఎలా ఉండిందో నూనె గానుగకు తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు. ఇన్నేళ్ళు నేను రెండో మూట కథ చెప్పుకు తిరిగాను. విప్పని మూటను, అన్యాయంగా పోయిన మూటను, నేనే. మొదటి మూటకు పురుగు పట్టిందన్న మాట మాత్రం నాయనతో పాటు నేనూ నమ్మాను. పిడికెడు కాయ చూసి. అన్నది ఒక్క లెక్కల పేపరు చూసి.

"తాతకు మాత్రం చెప్పినా," అంది లావణ్య. తాత అంటే మా అన్న. "రాలేదని తెలిసిన దినమే. చేన్లో ఉన్న్యాడు. తల మీది గుడ్డ తీసి మొహం తుడుచుకోని, 'మళ్ళా రాయి' అన్న్యాడు. అంతే. ఇంకేమీ అనలేదు. ఫీజు కట్టే దినం యాది పెట్టుకోని ఆయప్పే గుర్తు చేసినాడు."

మా అన్న నాతో ఎన్నడూ లెక్కల పేపరు మాట ఎత్తలేదు. నా అంగడికి వచ్చినప్పుడు మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని నా మాటలకు భుజాలు కదిలించి వెళ్ళిపోయేవాడు. ఆ నిక్కరు కథ వాడి ముందర ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. చెప్పిన ప్రతిసారీ నవ్వాడు. లావణ్య నన్ను చూస్తోంది, నేను ఏడుస్తానేమోనని కాబోలు. నేను పొట్టు పోగు వైపు చూస్తూ కూర్చున్నాను. తిమ్మిరి అలాగే ఉంది.

సాయంత్రం రమణ ఇంటి ముందర నీళ్ళ ట్యాంకరు వాడితో మాట్లాడి వస్తుంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"చిన్నాయనా, నువ్వేమి చెప్పబోతావో నాకు తెలుసు. మైల పోకముందే ఆడపిల్ల పరీక్షకని గడప దాటితే ఊరేమంటాది?"

"ఊరు నన్ను చిన్నప్పట్నుంచి అంటానే ఉండాది. దాంట్లోనే ఇదొకటి కలుపుకోనీ."

"మన ఊర్లోనే తిప్పన్నోళ్ళ ఇంట్లో చావైతే పెండ్లే ఆపినారు. పెండ్లి కంటే పరీక్ష పెద్దదా?"

"పెండ్లికి అయ్యోరిని అడిగి ఇంకో ముహూర్తం పెట్టుకున్యారు. పరీక్షకు ఏ అయ్యోరిని అడుగుతావు?"

మా నాయన పోలిక రమణకు బాగా వచ్చింది, మొహంలోనూ, ఇంకొకదాంట్లోనూ. "అది కాదు చిన్నాయనా. పోయినేడు..."

"తెలుసు. ఆయమ్మే చెప్పింది."

"అవే పుస్తకాలు. అదే పిల్ల. అదే ఫోన్లో పాఠాలు. మళ్ళా అట్లే అయితే?"

ఇక్కడ నేను ఏదో ఒకటి అనాలి. ఇన్నేళ్ళుగా ఇలాంటి చోటే నా నోరు బాగా పనిచేసేది. మూటలు, ఎద్దులు, జిప్పులు, ఏదీ గుర్తుకు రాలేదు. "అయితే అయితాది," అన్నాను. "ఈ మైల ఎవరిదిరా? మీ నాయనది. మళ్ళా రాయమని ఆ పిల్లకు చెప్పింది మీ నాయనే."

రమణ తల ఎత్తాడు. "నాతో అనలేదే."

"నాతోనూ అనలేదు."

లోపల దండ వేసిన ఫోటో ముందర దీపం ఉంది. రమణ అటు చూసి, "కదిరి దాకా బండి మీద నేనే దింపుతా. ఆన్నుంచి నువ్వు తోడు పో," అన్నాడు.

అనంతపురంలో పరీక్ష జరిగే కాలేజీ గేటు ముందర మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. తువ్వాళ్ళు పరుచుకుని గోడ నీడ ఎంత జరిగితే అంత జరుగుతూ కూర్చున్నారు. మా రోజుల్లో పరీక్షకు వెళితే బడి దాకా వచ్చేవాళ్ళు లేరు. ఫలితం కూడా వేరే ఊర్లో పేపరు చూసిన ఎవడో చెబితే తెలిసేది. ఇప్పుడు విత్తనం కాయ ఎవరూ నడవలో ఒలవరు. మందు పట్టించిన విత్తనం సంచుల్లో వస్తుంది. మా చేలల్లో సగం చోట్ల అసలు శెనక్కాయే లేదు. నీళ్ళ ట్యాంకరు మాత్రం అప్పుడు ఉండేది కాదు, ఇప్పుడు ఉంది. వేలికి గుడ్డపేలిక చుట్టుకోవాల్సిన పని లేకపోవడం మంచిదే. నాయన లాంటివాడు కంబానికి ఆనుకుని లేకపోవడం కూడా మంచిదేననుకున్నాను. అనుకున్నాక, పక్కన కూర్చున్నాయన మాట కలిపాడు. "మావాని అన్న ఇదే పరీక్ష రాసి పోయినేడు చేరినాడన్నా. ఒకే ఇంట్లో పెరిగినోళ్ళు. వీనికీ వస్తాది, ఏమంటావు?" అన్నాడు. వేరే రోజైతే ఆయన్ను సాయంత్రం దాకా ఆడించేవాణ్ణి. తోపుడు బండి మీద కొన్న ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం ఆయన వైపు చాపాను. ఇద్దరం ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఒకటి పుచ్చు వచ్చింది. ఊసేసి ఇంకోటి తీసుకున్నాను.

గంట కొట్టాక పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. ఆ పక్కాయన కొడుకు దూరం నుంచే బొటనవేలు పైకెత్తి చూపించాడు. లావణ్య అందరికంటే వెనకాల, పరీక్ష అట్ట ఎదకు ఆనించుకుని నడిచి వచ్చింది.

"ఎట్లా రాసినావమ్మా?"

ఆమె తొందరపడకుండా ఆలోచించింది. "తెలీదు చిన్నతాతా."

మా ఇంట్లో నేను పుట్టి బుద్ధి ఎరిగాక, నాకు తెలీదన్న మాట ఎవరి నోటా వినలేదు. నాయన అనలేదు, నాయన చూసి నేర్చుకున్న రమణ అనలేదు, నేనూ అనలేదు. అన్న అనుకుని ఉంటాడు, పైకి అనలేదు. "సరే," అన్నాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. పొట్లం అడుగున ఇంకా కొన్ని కాయలున్నాయి. అవన్నీ ఆమె చేతిలో పోశాను. ఒలుచుకుంటూ, రోడ్డు దాటి, కదిరి బస్సు ఎక్కాం.